షుగర్ మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉండొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. మూడు నెలల సగటు పరీక్షలో 7.8 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. బీపీకి ఇంకో మాత్ర. మా ఆఫీసులో ఒకాయన మూడు రోజులు నీళ్ల మీదే ఉండి నాలుగు కిలోలు తగ్గాడు. నేను రోజూ 16 గంటలు, వారానికి ఒకసారి 36 గంటలు ఉపవాసం ఉందామనుకుంటున్నాను. ఇలా చేస్తే మాత్రలు మానేయొచ్చా? మా అమ్మకు 70 ఏళ్లు, ఆమెకూ షుగరే. ఏకాదశి ఉపవాసం మాత్రం వదలదు. ఆమెను ఆపాలా?

సమాధానం:

మీరు ఉపవాసం ఉండొచ్చు. కానీ మీరు రాసిన పద్ధతిలో వద్దు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలతో అసలే వద్దు. ముందు మాత్రల సంగతి తేల్చుకోవాలి, తర్వాత రాత్రి భోజనం వేళ మార్చుకోవాలి, ఆ తర్వాతే ఎన్ని గంటలన్నది చూసుకోవాలి. చాలామంది ముందు గంటలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. మాత్రల సంగతి కళ్లు తిరిగి పడిపోయాక గుర్తొస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఒక టౌనులో 28 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఉపవాసం పేరు ఎత్తగానే నాకు గుర్తొచ్చేది ఒక శివరాత్రి సాయంత్రం. నాలుగు గంటలప్పుడు ఒక పెద్దమనిషిని ఆటోలో తీసుకొచ్చారు. వయసు అరవైకి దగ్గర. చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయింది. నుదుటి మీది విభూతి చెమటకు కారి కనుబొమల మీదకు వచ్చేసింది. ఏం అడిగినా సంబంధం లేని మాటలు చెబుతున్నాడు. "పొద్దున్నుంచి గుడి దగ్గర లైన్లో నిలబడ్డారండీ, ఎండదెబ్బ అనుకుంటున్నాం" అంది ఆయన భార్య. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 34. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. నరంలోంచి గ్లూకోజ్ ఎక్కించిన అయిదు నిమిషాలకు కళ్లు తెరిచి, "అభిషేకం అయిపోయిందా?" అని అడిగాడు.

అసలు జరిగింది ఇది. పొద్దున్నే స్నానం చేసి, గ్లాసుడు నీళ్లతో గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని గుడికి వెళ్లాడు. మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టర్లం చెబుతాం కాబట్టి ఆయన మానలేదు. ఉపవాసం రోజు ఏం చేయాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. కోలుకున్నాడని ఇంటివాళ్లు తీసుకెళ్లిపోతామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు షుగర్ మళ్లీ 58కి పడిపోయింది. ఈ మాత్ర ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది, ఒకసారి గ్లూకోజ్ ఇస్తే తీరిపోయేది కాదు. అప్పటినుంచి షుగర్ ఉన్నవాళ్లు ఎవరొచ్చినా "మీరు ఏయే రోజులు ఉపవాసం ఉంటారు?" అని అడిగి చీటీ మీద రాసుకుంటున్నాను.

మీరు వేసుకునే మాత్రలో కూడా ఆ మందే ఉంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ మూడూ ఒకే కుటుంబం. మీరు తిన్నారా లేదా అన్నది వాటికి పట్టదు. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథిని తరిమి ఇన్సులిన్ వదిలిస్తాయి. కడుపులో తిండి ఉంటే ఆ ఇన్సులిన్ దాని మీద పనిచేస్తుంది, లేకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ లాగేస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ అలాంటిది కాదు. అది ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగర్ బాగా పడిపోవడం అరుదు. కాబట్టి మీకు చిక్కు ఆ మాత్రలో సగంతోనే. రెండు మందులూ ఒకే మాత్రలో కలిసి ఉండటం వల్ల ఒకటి ఉంచి ఒకటి తగ్గించడం కుదరదు. మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లి "నేను ఉపవాసం మొదలుపెడదామనుకుంటున్నాను, ఈ రెండూ విడివిడిగా రాసివ్వండి, గ్లిమెపిరైడ్ ఎంత తగ్గించాలో చెప్పండి" అని అడగండి. ఉపవాసం ఉన్న పూట దాన్ని సాధారణంగా తగ్గిస్తాం, లేదా పూర్తిగా ఆపేస్తాం. ఎంతన్నది మీ రీడింగులు చూసి ఆయనే చెప్పాలి.

ఇంకో రకం మాత్రలు ఈమధ్య చాలామంది వాడుతున్నారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటుంది, అదే గుర్తు. అవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. మంచి మందులే, గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయి. కానీ వాటి మీద ఉండి పొడుగు ఉపవాసం చేస్తే, కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. మీటర్‌లో షుగర్ 180, 200 దగ్గరే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తుంటే "గ్యాస్" అనుకుని సోడా తాగి పడుకుంటారు. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు అలా అయితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, వేసుకునే మాత్ర పేరు అక్కడ చెప్పాలి.

ఇక మీ ఆఫీసాయన తగ్గిన నాలుగు కిలోల లెక్క చూద్దాం. అది తెలిస్తే మీ ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది.

మన ఒంట్లో తిండి నిల్వ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి వంటింట్లో బియ్యం డబ్బా లాంటిది. కాలేయంలో ఓ వంద గ్రాములు, కండరాల్లో ఓ నాలుగు వందల గ్రాములు గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. రెండోది పెరట్లో గాదె లాంటిది, అది కొవ్వు. భోజనం చేసిన కొన్ని గంటల తర్వాత నుంచి కాలేయం తన డబ్బాలోంచి చక్కెర తీసి రక్తంలోకి వదులుతూ ఉంటుంది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల చక్కెర వాడుకుంటుంది. అందుకే కాలేయంలోని డబ్బా ఒక రోజు కూడా పూర్తిగా రాదు. అది ఖాళీ అవుతున్నకొద్దీ ఒళ్లు గాదె తలుపు తీస్తుంది. కొవ్వు కరుగుతుంది, కాలేయం దానిలోంచి కీటోన్లు తయారుచేస్తుంది. కండరాల్లోని మాంసకృత్తులు కూడా కొంత కరుగుతాయి. ఈ మాట వీడియోల్లో ఎక్కువగా వినపడదు.

ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ అర కిలోలో ఎక్కువ భాగం ఖర్చయితే, దాంతో పాటు కిలోకు పైగా నీరు పోతుంది. కొంత ఉప్పు, దానితో ఇంకొంత నీరు మూత్రంలో పోతాయి. పేగులు ఖాళీ అవుతాయి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. ఆఫీసు పని చేసే మనిషికి రోజుకు రెండు వేల కేలరీలు ఖర్చు అనుకుంటే, మూడు రోజులు ఏమీ తినకపోయినా ఆరు వేలు. అంటే కరిగిన కొవ్వు ముప్పావు కిలో లోపే. మిగతా మూడు కిలోల పైచిలుకు నీరూ, కండా, ఖాళీ పేగులూ. ఆయన మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టిన వారానికి కాటా మీద నిలబెట్టి చూడండి.

దీన్నిబట్టి ఉపవాసం వ్యర్థమని నేను అనడం లేదు. ముప్పావు కిలో కొవ్వు తక్కువేం కాదు. అది నిలవాలంటే మిగతా రోజులు ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. 16 గంటల ఉపవాసం మీద రెండు అధ్యయనాలు చూడండి. అమెరికాలో 116 మంది మీద 12 వారాల పాటు చేసినది 2020లో వచ్చింది. ఒక గుంపు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా ఇష్టమైనంత తిన్నది, ఇంకో గుంపు మూడు పూటలా తిన్నది. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది మీద ఏడాది పాటు చేసినది 2022లో వచ్చింది. అక్కడ రెండు గుంపులకూ కేలరీలు ఒకేలా తగ్గించారు, ఒక గుంపు మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నది. వాళ్లు 8 కిలోలు, మిగతావాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గట్టిగా చెప్పుకునేంతది కాదని పరిశోధకులే రాశారు. అంటే గంటలు లెక్కపెట్టినంత మాత్రాన ఒరిగేది తక్కువ. గంటల వల్ల తిండి తగ్గితే మాత్రం లాభం. రాత్రి పదింటికి టీవీ ముందు కూర్చుని మిక్చర్ తినే అలవాటు ఉన్నవాళ్లకు ఏడున్నరకే వంటిల్లు మూసేయడం నిజంగా పనిచేస్తుంది. నేను మా ఓపీలో కళ్లారా చూస్తున్నది అదే.

మీరు అడగలేదు గానీ, "18వ గంటకు శరీరం తనను తాను శుభ్రం చేసుకోవడం మొదలుపెడుతుంది" అని ఫోన్లలో తిరిగే చార్టు గురించి కూడా చెప్పాలి. కణాలు తమలోని పాత భాగాలను విడగొట్టి మళ్లీ వాడుకుంటాయన్నది నిజం. అదెలా జరుగుతుందో కనిపెట్టినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనంతా ఈస్ట్ కణాల మీద. మనిషి ఒంట్లో అది ఏ గంటకు ఎంత జరుగుతుందో ఇంట్లో కొలిచే పరీక్ష లేదు. ఆ చార్టు చూసి ఇంకో రెండు గంటలు, ఇంకో రెండు గంటలు అని లాగకండి.

గంటల కంటే వేళ ముఖ్యమని నా నమ్మకం. మన ఇన్సులిన్ పొద్దున బాగా పనిచేస్తుంది, రాత్రికి మందగిస్తుంది. ఒకే ఇడ్లీ పొద్దున తింటే పెరిగే షుగర్ వేరు, రాత్రి పదింటికి తింటే పెరిగే షుగర్ వేరు. అలబామాలో షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లతో చేసిన ఒక చిన్న అధ్యయనం 2018లో వచ్చింది. వాళ్ల ఆఖరి భోజనం మధ్యాహ్నం మూడు లోపే. అయిదు వారాల్లో బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. ఎనిమిది మంది చాలా తక్కువే, కానీ దారి ఎటో చూపిస్తుంది. చాలామంది 16 గంటల కోసం పొద్దున టిఫిన్ మానేసి రాత్రి తొమ్మిదిన్నరకు కడుపునిండా తింటున్నారు. మానాల్సిన పూట మానకుండా వేరే పూట మానుతున్నారు.

కార్తీక సోమవారం నక్తం ఉండే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఆ నెలలో మావైపు అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ఆరు దాటాక చుక్క చూసి, దీపం పెట్టి భోజనం చేసేవాళ్లం. మర్నాడు పొద్దున ఎనిమిదింటిదాకా ఇంకేమీ లేదు. లెక్కేస్తే 14 గంటలు. పగలు తినకపోవడాన్నే మనం ఉపవాసం అనుకున్నాం. నాకు మాత్రం ఆరుంపావుకు భోజనం ముగించి పడుకోవడంలో ఎక్కువ మేలు కనిపిస్తుంది. అది వారంలో ఏ రోజైనా చేయొచ్చు.

ఇప్పుడు మన ఇళ్లలో ఉపవాసం రోజు తినే తిండి దగ్గరికి వద్దాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. శనివారం ఉపవాసం అంటే అన్నం మానేయడం అన్నట్టు అయిపోయింది. అన్నం బదులు "పలహారం". ఒకావిడకు ఏకాదశి నాటి రాత్రి షుగర్ 286 వచ్చింది. "నేనేమీ తినలేదండీ, ఉపవాసం" అంది. అబద్ధం కాదు, ఆమె నిజంగా అలాగే అనుకుంటోంది. ల్యాబు బిల్లు వెనకవైపు ఇచ్చి, నోట్లో వేసుకున్న ప్రతిదీ రాయమన్నాను. చక్కెర వేసిన కాఫీ మూడుసార్లు. అరటిపళ్లు నాలుగు. మధ్యాహ్నం సగ్గుబియ్యం పాయసం రెండు కప్పులు. నాలుగింటికి ఖర్జూరాలు ఆరు. రాత్రి సగ్గుబియ్యం కిచిడీ, పక్కన చిలగడదుంప. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, "ఇన్ని తిన్నానా?" అని నావైపు చూసింది.

సగ్గుబియ్యం మా పక్కనే సామర్లకోట వైపు మిల్లుల్లో కర్రపెండలం నుంచి తయారవుతుంది. వంద గ్రాముల్లో సుమారు 350 కేలరీలు, దాదాపు 88 గ్రాములు పిండిపదార్థమే. మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా ఉండవు, పీచూ లేనట్టే. అన్నం కంటే కూడా వట్టి పిండి అది. జ్వరం వచ్చి లేచినవాళ్లకు జావ కాచి పోయడానికి మంచిదే. షుగర్ ఉన్న మనిషి ఉపవాసానికి మాత్రం తగింది కాదు. ఆవిడ చేత తర్వాతి ఏకాదశికి సగ్గుబియ్యం మాన్పించాను. గ్లాసు పాలు, రెండు కప్పుల పెరుగు, గుప్పెడు వేరుశనగపప్పు, రెండు జామకాయలు, చక్కెర లేని కాఫీ. మాత్రలు ముందే సర్దాం. రాత్రి షుగర్ 148. వ్రతం అదే, తిథి అదే.

"లంకణం పరమౌషధం" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే చరక సంహితలో లంఘనం అంటే ఒంటిని తేలికపరిచేది అని అర్థం. దానిలో పది రకాలు చెప్పారు. ఉపవాసం అందులో ఒకటి, వ్యాయామం ఇంకొకటి. మనం ఆ పదిలో ఒకదాన్ని పట్టుకుని, దాన్ని కూడా పాయసంతో చేస్తున్నాం. భోజనం తర్వాత పావుగంట నడక కూడా లంకణంలో భాగమేనని మా పేషెంట్లకు చెబుతాను, నేనూ చేస్తాను.

ఇక మీ విషయంలో ఏం చేయాలో చెబుతాను.

మొదటి వారం ఉపవాసం వద్దు. గ్లూకోమీటర్ కొనుక్కోండి. మామూలుగా తింటూ పరగడుపున, మధ్యాహ్నం భోజనానికి ముందు, రాత్రి భోజనం అయిన రెండు గంటలకు చూసి ఒక నోటుబుక్కులో రాయండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి ఏడాది దాటితే మళ్లీ చేయించండి. ఆ పుస్తకం, రిపోర్టులు, మాత్రల స్ట్రిప్పులు తీసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉందేమో కూడా అడగండి. బరువు, తిండి తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. అదే మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ ఉంటే మంచం మీంచి లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్ముతాయి.

మాత్ర సర్దాక రాత్రి భోజనం ఏడున్నరకు, పొద్దున టిఫిన్ ఏడున్నరకు. 12 గంటలు. ఇంతేనా అనిపిస్తుంది. రెండు వారాలు ఒక్కరోజు కూడా తప్పకుండా చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఆఫీసు నుంచి ఆలస్యం, అన్నీ ఆ రెండు వారాల్లోనే వస్తాయి. కుదిరాక రాత్రి ఏడుకు, పొద్దున తొమ్మిదికి జరపండి. 14 గంటలు. నా అనుభవంలో మీలాంటివాళ్లకు ఇది చాలు. రెండు మూడు నెలల తర్వాత ఇంకా తేలిగ్గా ఉంటే 16కు వెళ్లొచ్చు, తొందరేం లేదు.

ఆ మధ్యలో నీళ్లు, చక్కెర లేని టీ కాఫీ, పల్చటి మజ్జిగ తాగొచ్చు. మజ్జిగతో ఉపవాసం చెడిపోతుందని వాదించేవాళ్లున్నారు. మా ఎండల్లో పనిచేసే మనిషికి గ్లాసుడు పల్చటి మజ్జిగ వల్ల జరిగే నష్టం నాకైతే కనిపించలేదు. రోజుకు నాలుగైదు కాఫీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజులు తల పగిలిపోతుంది. అది ఆకలి నొప్పి కాదు, కాఫీ మానడం వల్ల వచ్చేది. వారం ముందు నుంచే ఒక్కో కాఫీ తగ్గించుకోండి.

తినే పూటల్లో మాంసకృత్తులు సరిపడా ఉండాలి. నలభై దాటాక కండ ఎలాగూ తగ్గుతూ వస్తుంది, ఉపవాసం దాన్ని ఇంకా తినకుండా చూసుకోవాలి. కిడ్నీ పరీక్షలు బాగుంటే మీకు రోజుకు 65, 70 గ్రాములు ఉండేలా చూసుకోండి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. పొద్దున పెసరట్టు, ఒక గుడ్డు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు తగ్గించి, పప్పు, కూర అంతకు రెట్టింపు, చేపో చికెనో ఉంటే ఒక పెద్ద ముక్క, పెరుగు. రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం, జిమ్ లేకపోతే కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా ఇరవైసార్లు లేచి కూర్చోవడం.

"ఏమీ తినలేదు, పొద్దున షుగర్ 160 ఎలా వచ్చింది?" అని మీరు రెండో వారంలోనే అడుగుతారు. అందరూ అడుగుతారు. తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగి, లేవబోతున్న మనిషికి శక్తి కావాలని కాలేయం చక్కెర వదులుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో దాన్ని అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ నంబరు చూసి భయపడి ఉపవాసం గంటలు పెంచకండి. పరగడుపు షుగర్ దిగడానికి కొంత సమయం పట్టొచ్చు.

చేతులు వణకడం, చల్లటి చెమటలు, గుండె దడ, మసకలు, ఉన్నట్టుండి చిరాకు, ఇవి కనిపిస్తే వెంటనే మీటర్ పెట్టి చూడండి. 70 లోపు ఉంటే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటకు మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ తాగండి. పెరిగాక భోజనం చేయండి. మీటర్ దగ్గర లేకపోతే ముందు చక్కెర తాగండి, తర్వాత వెతకండి. వ్రతం భంగమవుతుందని ఆలోచించే సమయం కాదు. 300 దాటినా ఆ రోజుకు ఉపవాసం ఆపేయాలి. రోజా ఉండే మా పేషెంట్లకు కూడా ఇవే అంకెలు చెబుతాను. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని వాళ్ల మతపెద్దలే చెబుతున్నారు. వాళ్లను రంజాన్‌కు నెలన్నర ముందే రమ్మంటాను. పొద్దుటి మాత్రను ఇఫ్తార్ వేళకు ఎలా జరపాలి, తెల్లవారకముందు తినే సహర్ ఎందుకు మానకూడదు అన్నవి అప్పుడే మాట్లాడుకుంటాం.

36 గంటల ఉపవాసం ఇప్పుడు వద్దు. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆగి, మీ బరువు కొంత తగ్గి, షుగర్ నిలకడగా ఉన్నాక మళ్లీ మాట్లాడుకోవచ్చు. నీళ్ల మీద మూడు రోజులు, వారం అన్నవి ఇంట్లో అసలే వద్దు. స్కాట్లండ్‌లో ఆంగస్ బార్బియెరి అనే యువకుడు 1965, 66లో 382 రోజులు తిండి లేకుండా ఉండి 207 కిలోల నుంచి 82 కిలోలకు వచ్చాడని వీడియోల్లో చెబుతుంటారు. నిజమే. అతన్ని డండీ ఆస్పత్రి డాక్టర్లు చూసుకున్నారు, విటమిన్లు, పొటాషియం ఇచ్చారు, రక్తపరీక్షలు చేస్తూ వచ్చారు. ఆ రోజుల్లో ఇలాంటి ఉపవాస చికిత్సలో ఉండి కొందరు చనిపోయారు కూడా, ఆ సంగతి వీడియోల్లో ఉండదు. చాలా రోజులు తినని మనిషి ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అయిదు రోజులకు పైగా సరిగా తినని ఎవరికైనా మేం తిండి కొద్దికొద్దిగా, రక్తం చూసుకుంటూ మొదలుపెడతాం. ఉపవాసం విడిచేటప్పుడు చేసే భోజనం, అంటే పారణ, తేలిగ్గా ఉండాలన్న మన పద్ధతిలో అర్థం ఉంది.

కొందరు ఈ దారిలోకి రాకూడదు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడినవాళ్లు. గౌట్ అనే కీళ్లనొప్పుల జబ్బు ఉన్నవాళ్లకు ఉపవాసంలో యూరిక్ యాసిడ్ పెరిగి నొప్పి తిరగబెడుతుంది. సన్నగా ఉండి షుగర్ ఉన్నవాళ్లు కూడా బరువు తగ్గే ఉపవాసాల జోలికి పోవద్దు, వాళ్ల జబ్బు తీరే వేరు.

మాత్రలు మానొచ్చా అన్న ప్రశ్నకు నాకు ఆశ ఉంది. బ్రిటన్‌లో షుగర్ వచ్చి ఆరేళ్లలోపు అయి, ఇన్సులిన్ వాడని, బరువు ఎక్కువ ఉన్నవాళ్లతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. అది ఉపవాసం కాదు. మూడు నుంచి అయిదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీల ద్రవాహారం, తర్వాత మెల్లగా మామూలు తిండి. షుగర్ మాత్రలు మొదటి రోజే ఆపించారు, డాక్టర్ల పర్యవేక్షణలో. ఏడాదికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ జబ్బు అనే స్థాయికి దిగువన నిలిచింది. 15 కిలోలు లేదా అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం. రెండేళ్లకు మొత్తం మీద అది 36 శాతానికి దిగింది. అంటే బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. మీకు షుగర్ వచ్చి నాలుగేళ్లే. ముందు 84 నుంచి 76కు రండి. ఆ లోపే గ్లిమెపిరైడ్ అవసరం లేకుండా పోయే అవకాశం బాగానే ఉంది. ఉపవాసం దానికి ఒక దారి మాత్రమే, అది మీకు పడకపోతే మూడు పూటలా కొలిచి తిన్నా అక్కడికే చేరతారు.

మీ అమ్మగారిని ఆపమని నేను చెప్పను. మా అమ్మ 82 ఏళ్లదాకా ఏకాదశి ఉంది. మానేయమని నేను పోట్లాడిన రోజుల్లో ఆవిడ నాకు చెప్పకుండా నిర్జలంగా ఉండేది, అది ఇంకా ప్రమాదం. చివరికి ఒప్పందానికి వచ్చాం. నీళ్లు, పాలు తాగుతుంది, పొద్దుటి షుగర్ మాత్ర ఆ రోజు వేసుకోదు, సాయంత్రం నేను సూది గుచ్చి చూస్తాను. ద్వాదశి నాడు పరగడుపున మాత్ర వేసుకునే అలవాటు కూడా మార్చాను. తీర్థం తీసుకుని, పారణకు విస్తరి ముందు కూర్చున్నాకే మాత్ర. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, సూది గుచ్చడం పూజ అయ్యాక.

డెబ్బై దాటినవాళ్లలో షుగర్ పడిపోతే వణుకు, చెమట కనిపించకపోవచ్చు. మాట తడబడటం, మగతగా పడుకోవడం, బాత్రూంలో జారిపడటం, ఇవే మొదటి గుర్తులు అవుతాయి. ఏకాదశి నాడు మీ అమ్మగారు మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోతుంటే లేపి, షుగర్ చూడండి. ఆవిడ వేసుకునే మాత్రల పేర్లు, మోతాదులు, కిడ్నీ రిపోర్టు, ఏకాదశి నాడు తినేవన్నీ ఒక కాగితం మీద రాసి పంపండి. వచ్చే ఏకాదశికి ముందే చూసి, ఆవిడ డాక్టరుగారిని ఏమేం అడగాలో రాస్తాను.